టాపు లేని బండి

ప్రొద్దుటూరు,
12 ఫిబ్రవరి 1958

అన్నకు తమ్ముడు మక్బూల్ సలాములు.

ఈ జాబు చదివే ముందు కళ్లద్దాలు తుడుచుకుని కుర్చీలో కూర్చో. తిట్లు తర్వాత తీరిగ్గా రాయవచ్చు.

ఎడ్లనూ బండినీ అమ్మి నేను కారు కొన్నాను. పదిహేనేళ్లుగా పరాయి కార్ల కింద వెల్లకిలా పడుకుని మొహాన నూనె పోయించుకున్నాను, నాకంటూ ఒకటి ఉండొద్దా? మీ పులివెందుల పక్క రాతినార గనుల్లో పనిచేసిన దొర ఒకడు దేశానికి వెళ్లిపోతూ అమ్మిన బండి ఇది. కడపలో ఒక ప్లీడరు దాన్ని కొని, రెండు నెలలు తిప్పి, తర్వాత షెడ్డులో కోళ్లకు వదిలేశాడు. నేను చూడబోయేసరికి సీటు మీద కోడి పొదుగుతోంది. ఆకుపచ్చ రంగు, తీగల చక్రాలు, రెండే సీట్లు. కూర్చుంటే చెయ్యి చాచి నేలను తాకవచ్చు, అంత కిందికి ఉంటుంది. పైకప్పు రేకు కాదు. ఇనుప కమ్ముల మీద గుడ్డ టాపు, వద్దనుకుంటే గొడుగు మూసినట్టు వెనక్కి మడిచేయడమే. దొరల సీమలో ఇలాంటివి పందేలకు నడుపుతారట.

హ్యాండిల్ తిప్పితే మూడోసారికి లేచింది. ప్రొద్దుటూరు దాకా నేనే నడుపుకుని వచ్చాను. దారిలో నాలుగుసార్లు నీళ్లు తాగింది, ఒకసారి టైరు పోయింది. అయినా బజారులోకి వచ్చేసరికి అంగళ్లవాళ్లు లేచి నిలబడి చూశారు.

రెండు సీట్ల బండి బాడుగకు ఎలా పనికొస్తుందని నువ్వు అడుగుతావు. పెళ్లిళ్లకు అన్నా. మెరవణికి గుర్రాలు దొరకడం లేదు, దొరికినా టపాసులకు బెదురుతున్నాయి. మడిచిన టాపు మీద పెళ్లికొడుకును ఎత్తుగా కూర్చోబెడితే ఊరంతటికీ కనిపిస్తాడు. ఒక్కటే చిక్కు, టాపు గుడ్డ కోళ్ల పుణ్యమా అని చీకిపోయింది. టైలరు లాల్ బాషా కొత్తది కుడతానంటున్నాడు. కుట్టించమంటావా, వద్దంటావా?

ఇంకొక మాట ఉంది. వదినను తొండూరు నుంచి ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు ఆ ఎడ్లబండి వెనక నేను నడిచాను. నాకప్పుడు పదహారేళ్లు. ఆమె దారిలోనే పోయింది. ఇంజన్ల పిచ్చి నాకు ఆ రోజే పట్టింది. మన ఇంట్లో ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదు.

నీ తమ్ముడు
మక్బూల్


పులివెందుల,
20 ఫిబ్రవరి 1958

చిరంజీవి మక్బూల్‌కు అన్న దువాలు.

కోడి సంగతి రాశావు, గుడ్ల సంగతి రాయలేదు. అవి కూడా బేరంలో కలిసి వచ్చాయా? నీ జాబు బళ్లో మధ్యాహ్నం గంటలో చదివి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, మా తోటి మేష్టరు దేవపాలు నాకేదో అయిందనుకున్నాడు. ఎడ్లూ బండీ అమ్మి కోళ్లగూడు కొన్నవాణ్ణి నిన్నే చూశాను. అయినా కొన్నావు కాబట్టి బాగా చూసుకో.

టాపు గురించి అడిగావు. పెళ్లికొడుకును ఊరికి చూపించడానికి కొన్న బండికి కప్పు దేనికి? కమ్ములకు తలపాగాలు తగులుకుంటాయి. గుడ్డా కమ్ములూ రెండూ పీకెయ్యి. కుట్టుకూలి టైర్లకు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. జమీలాకు రెండో నెల. మొన్ననే పెద్దముడియం నుంచి అల్లుడు ఉస్మాన్ రాశాడు. మొదటి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవాలి, కానీ మన ఇంట్లో ఆడదిక్కు లేదు. అందుకని అత్త బిస్మిల్లా బీ దగ్గరే ఉంటుంది. వాళ్లు ఘోషా పాటించే పరువైన ఇంటివాళ్లు. మీ వదిన ఎండలో వేరుశనగ పీకిన మనిషి. అలాంటి ఇంటి పిల్లను వాళ్లు అడిగి చేసుకున్నారంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. కానీ భయం కూడా ఉంది. దాని తల్లి పోయినప్పుడు దానికి రెండేళ్లు. ఆ రెండేళ్ల పిల్లను నేను ఒంటి చేత్తో జడ వేసి పెంచాను.

సెప్టెంబరు ఆఖరుకు ఏ పెళ్లికీ ఒప్పుకోవద్దు. నొప్పులు మొదలైన వెంటనే దాన్ని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి చేర్చే పూచీ నీది. ఆ కోళ్లగూడు అందుకు పనికొస్తే కొన్నది దండగ కాలేదనుకుంటాను.

నీ అన్న
కరీముల్లా


ప్రొద్దుటూరు,
4 మే 1958

అన్నకు సలాములు.

నువ్వు చెప్పినట్టే టాపు పీకేశాను. గుడ్డ చక్రాలు తుడవడానికి పనికొచ్చింది. కమ్ములు పక్కింటి గురమ్మ అడిగితే ఇచ్చాను. కాకరపాదు వాటి మీదికి అల్లించింది.

బండి ఈ రెండు నెలల్లో పద్దెనిమిది మెరవణులు చూసింది. బయటివాళ్లకు నేను రాజా. ఇంట్లో సంగతి నాకే తెలుసు. పొద్దున లేస్తే రేడియేటరుకు నీళ్లు, ట్యూబుకు మాసిక, బ్యాటరీకి బతిమాలడం. ఎర్రగుంట్ల దగ్గర ఒక పోలీసాయన ఆపి, ఇది కారా మోటారు సైకిలా అని అడిగాడు. కాగితాలు చూపించినా నమ్మలేదు. చివరికి ఆయన్ను ఎక్కించుకుని స్టేషను దాకా తిప్పాక నమ్మాడు.

పోయిన వారం పెద్దముడియం వెళ్లి జమీలాను చూశాను. బాగుంది, కొంచెం చిక్కింది. దొడ్డిలో నిలిపిన బండి దగ్గరికి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. "చిన్నాయనా, దీంట్లో పోతే గాలి మొగానికి కొడ్తాదా?" అని అడిగింది. కొడుతుంది, ఒకసారి తిప్పుతాను రమ్మన్నాను. అత్తవైపు చూసి నవ్వి లోపలికి పోయింది. ముసుగు చాటు నుంచి బిస్మిల్లా బీ కూడా నవ్వింది. నువ్వు అనుకున్నంత గట్టి మనిషి కాదు.

మక్బూల్


పులివెందుల,
14 జూన్ 1958

మక్బూల్‌కు,

నిన్న దేవపాలు మైదుకూరు నుంచి వచ్చాడు. బస్సులో ఉండి నీ బండిని చూశాడట. అందులో నీ పక్కన తల మీద కొంగు కూడా లేకుండా ఆడపిల్ల కూర్చుని నవ్వుతోందట. మీ జమీలా ఎంత పెద్దదైంది మేష్టారూ అని బళ్లో పదిమంది ముందర అన్నాడు.

ఆరో నెల కడుపుతో ఉన్న పిల్లను, ఘోషా ఇంటి కోడలిని, పైన గుడ్డపేలిక లేని బండిలో సంత రోజున మైదుకూరు బజారులో తిప్పుతావా? నువ్వు ఊరేగించడానికి అది పెళ్లికొడుకు కాదు. ఆ ఇంటివాళ్ల చెవిన పడితే దాన్ని నా ఇంటికి పంపేస్తారు. అప్పుడు దాని మొహం నువ్వు చూస్తావా, నేను చూడాలా?

నిన్ననే జమీలాకూ కార్డు రాశాను. ఆ టాపు లేని బండిలో మళ్లీ కాలు పెడితే చచ్చిపోయిన వాళ్లమ్మ మీద ఒట్టేనని రాశాను. చదువుకున్న పిల్ల, అర్థం చేసుకుంటుంది. నీకు అర్థమయ్యేలా రాయడం నాకు చేతకావడం లేదు.

కరీముల్లా


ప్రొద్దుటూరు,
18 జూన్ 1958

అన్నకు,

నీ జాబు రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబుద్ధి కాలేదు.

ఆ రోజు నా బండిలో కూర్చున్నది జమ్మలమడుగు ఆసుపత్రి నర్సు విమలమ్మ. మైదుకూరు పక్క పల్లెలో కాన్పు కేసుకు పోతూ బస్సు తప్పిపోయి రోడ్డు మీద నిలబడి ఉంది. ఎక్కించుకున్నాను. గాలికి కొంగు జారింది. ఎందుకు నవ్విందంటావా, నా బండికి ఊపిరి ఆడడం లేదు, దీన్ని ఆసుపత్రిలో చేర్చమంది. జమీలా ఈ బండిలో ఇంతవరకు కాలు పెట్టలేదు. కావాలంటే విమలమ్మనే అడుగు. కడుపులో బిడ్డ తల తిరిగిందో లేదో చూసేది కూడా ఆమే.

నన్ను తిట్టినందుకు బాధ లేదు, నువ్వు తిట్టకపోతే ఎవరు తిడతారు? కానీ ఆ పిల్లకు చెయ్యని తప్పుకు ఒట్టు పెట్టావు. వెంటనే ఇంకో కార్డు రాయి. పొరపాటు పడ్డానని ఒక్క మాట రాస్తే చాలు.

మక్బూల్


పులివెందుల,
1 జులై 1958

చిరంజీవి మక్బూల్‌కు దువాలు.

నీ జాబు అందింది. దేవపాలును అడిగితే, దూరం నుంచి చూశాను, ఆమె అయి ఉండకపోవచ్చు అంటున్నాడు. తొందరపడ్డాను, మనసులో పెట్టుకోకు.

జమీలాకు మళ్లీ రాయమన్నావు. ఆలోచించాను. నేను రాసిన దాంట్లో చెడ్డ మాట ఏముంది? ఆ బండి ఎక్కొద్దన్నాను, ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఎక్కకపోవడమే మంచిది. తండ్రి కూతురికి పొరపాటు పడ్డానని రాసుకుంటే రేపు ఏ మాటకు విలువ ఉంటుంది? ఉండనీ. కాన్పు లోపల నువ్వు టాపు కుట్టించు, ఆ గొడవ దానంతట అదే పోతుంది.

ఇక్కడ వానలు లేవు. బళ్లో నీళ్ల కుండలు కూడా ఎండాయి.

కరీముల్లా


ప్రొద్దుటూరు,
9 సెప్టెంబరు 1958

అన్నకు సలాములు.

టాపు పని మొదలుపెట్టాను. మందం గుడ్డ మద్రాసు నుంచి రావాలంటున్నాడు లాల్ బాషా. ఈ నెల ఇరవయ్యో తారీకుకు వస్తుందట. కమ్ముల కోసం వెళితే గురమ్మ కాకరపాదు నిండా పిందెలున్నాయి. ఇంకో పది రోజులు ఆగమంది, ఆగాను. ఎలాగూ గుడ్డ రాలేదు.

పెద్దముడియం వెళ్లాను. ఈసారి జమీలా బయటికి రాలేదు. తలుపు వెనక నుంచే బాగున్నావా చిన్నాయనా అంది. బండి చూడటానికి రమ్మంటే పని ఉందంది. నీ కార్డు దాని మనసులో ముల్లులా ఉన్నట్టుంది. పదిమంది ఉన్నారు, నేను విప్పి చెప్పలేకపోయాను. నువ్వు రాయి అన్నా. ఇది నేను రెండోసారి అడగడం.

విమలమ్మ చూసిందట. బిడ్డ కొంచెం అడ్డంగా ఉంది, నొప్పులు వస్తే ఆలస్యం చెయ్యొద్దంది.

మక్బూల్


ప్రొద్దుటూరు,
1 అక్టోబరు 1958

అన్నకు,

ఉస్మాన్ ఇచ్చిన టెలిగ్రాం నీకు అందిందని పోస్టాఫీసులో చెప్పారు. నువ్వు పెన్న ఒడ్డు దాకా వచ్చి, నీళ్లు తగ్గక రెండు రోజులు అక్కడే కూర్చుని తిరిగి వెళ్లావని కూడా తెలిసింది. మేము ఎదురుచూశాం. ఇంకా ఉంచడానికి వీల్లేదని మౌల్వీ సాబు చెబితే సోమవారం మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చాం. మొదటి పిడికిలి నీ బదులు నేను వేశాను.

ఏం జరిగిందో నీకు చెప్పాలి. శనివారం నుంచి నొప్పులు. ఆదివారం పొద్దున ఉస్మాన్ పంపిన మనిషి నా దగ్గరికి వచ్చాడు. వెంటనే బయలుదేరాను. వానకు ఆ నల్లరేగడి దారి ముద్దయిపోయింది. ఒక కల్వర్టు దగ్గర ఇంజనులోకి నీళ్లు పోయి బండి ఆగిపోయింది. రెండు గంటలు లేవలేదు. నేను పోయేసరికి వాళ్లు గూడుబండి కట్టుకుని బయలుదేరారు. నేను ముందుగా జమ్మలమడుగు పోయి విమలమ్మను తీసుకుని ఎదురొచ్చాను. అప్పటికే బిడ్డ పుట్టింది. విమలమ్మ బిడ్డను దక్కించింది. తల్లికి నెత్తురు ఆగలేదు.

ఆడపిల్ల అన్నా. బతికే ఉంది. బిస్మిల్లా బీ మేకపాలు పట్టిస్తోంది.

తప్పు బండిది, దాన్ని కొన్న నాది. ఇంకెవరిదీ కాదు.

మక్బూల్


పులివెందుల,
8 అక్టోబరు 1958

మక్బూల్‌కు,

పద్దెనిమిది మెరవణులకు ఆగని బండి నా బిడ్డ కోసం ఆగిందా?

పూచీ నీదని రాశాను. నీళ్లు పోతాయని తెలియదా నీకు? ముందు రోజే వెళ్లి ఆ ఊళ్లో ఉండలేవా? కోళ్ల పెంట మీద మోజుపడి కొన్న ఇనుమును నమ్మి నా బిడ్డను మట్టిలో పెట్టావు. తల్లినీ కూతురినీ ఇద్దరినీ ఎడ్లబండే తీసుకుపోయింది. రెండుసార్లూ వెనక నువ్వే ఉన్నావు.

నాకు జాబులు రాయవద్దు. నా గడప తొక్కవద్దు.

కరీముల్లా


ప్రొద్దుటూరు,
20 అక్టోబరు 1958

అన్నకు,

రాయవద్దన్నావు. పాప సంగతి నీకు చెప్పేవాళ్లు ఎవరూ లేరని రాస్తున్నాను. ఒళ్లు చేసింది. ఎడమ చెవి అచ్చం వదినదే, కొస కొంచెం మడత. పేరు నువ్వు పెట్టాలని వాళ్లు ఆగారు.

మద్రాసు గుడ్డ వచ్చింది. గురమ్మ పాదు తనే కోసేసి కమ్ములు తెచ్చి ఇచ్చింది, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. లాల్ బాషా టాపు కుట్టాడు. నాలుగు వైపులా తెరలతో, చుక్క వాన లోపలికి రాకుండా ఉంది. ఇక ఏ పెళ్లికీ పంపడం లేదు. కొనేవాళ్లు వస్తే ఇచ్చేస్తాను.

నువ్వు రాసిందంతా నిజమే. నేను కాదనడం లేదు.

మక్బూల్


పులివెందుల,
9 నవంబరు 1958

తమ్ముడు మక్బూల్‌కు,

నలభయ్యో రోజు ఫాతెహా అయిన మర్నాడు బిస్మిల్లా బీ, ఉస్మాన్ నా దగ్గరికి వచ్చారు. జమీలా రేకుపెట్టె తెచ్చారు. ఆ పెద్దమనిషి బురఖా ముసుగు ఎత్తి నా ఎదురుగా కూర్చుంది. నేను ఆమె మొహం చూడటం అదే మొదలు. నీ బండి ఎందుకు ఆగిందని నేను మొదలుపెట్టగానే మధ్యలోనే ఆపింది.

"యా బండి ఆగినాదప్పా? పదకొండు గంటలకల్లా మా గడప ముందర ఉండాది. దానికేం రోగం లేదు" అంది.

తర్వాత అంతా చెప్పింది. నువ్వు రాయనిదంతా చెప్పింది. జమీలాను ఇద్దరు పట్టుకుని గడప దాకా తెచ్చారట. బండిని చూసి ఆగిపోయిందట. "టాపు లేదు. నాయన అమ్మ మీద ఒట్టు పెట్టినాడు. నేను ఎక్కను, గూడుబండి కట్టించండి" అందట. బిస్మిల్లా బీ తన దుప్పటి తీసి కప్పబోయింది. ఘోషా తనది, తనే ఎక్కమంటున్నానని బతిమాలింది. ఉస్మాన్ ఎత్తుకుని సీట్లో కూర్చోబెడితే తలుపు తీసుకుని దిగి, బురదలో కూర్చుందట. నువ్వు దాని కాళ్లు పట్టుకున్నావట. మీ నాయన పొరపాటున రాశాడు, అది నువ్వు చెయ్యని తప్పు అని చెప్పావట. అప్పుడు అది అన్న మాట బిస్మిల్లా బీ నాకు రెండుసార్లు చెప్పింది, నేనే రెండోసారి చెప్పమన్నాను.

"పొరపాటయ్యింటే నాయనే మళ్లా రాసేటోడు కదా చిన్నాయనా."

నా కార్డు పెట్టెలో చీరల అడుగున ఉంది. నాలుగు నెలలు దాచుకుంది. దాని పక్కన నా ఇంకో కార్డు కోసం జమీలా చోటు ఉంచినట్టు నాకు అనిపించింది. మక్బూల్, బళ్లో నా బల్ల సొరుగులో ఖాళీ కార్డుల కట్ట ఎప్పుడూ ఉంటుంది. పిల్లల నాన్నలకు రాయడానికి. రోజూ ఆ సొరుగు తెరిచాను. నువ్వు రెండుసార్లు అడిగావు. ఒక్క కార్డు రాయడానికి నాకు అహం అడ్డొచ్చింది. ఎవరి ఘోషాకు భయపడి రాశానో ఆమె దుప్పటి తీసి ఇచ్చింది. నా బిడ్డను నేనే చంపుకున్నాను.

నువ్వు బండి మీద నెపం వేసుకుని నా శాపాలన్నీ మోశావు. నిన్ను ఎలా క్షమాపణ అడగాలో తెలియడం లేదు. ఇద్దరినీ తీసుకుపోయిన ఎడ్లబండ్ల వెనక నువ్వు ఉన్నావు, నేను ఏ ఒక్కసారీ లేను. అది కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

బండి అమ్మొద్దు. పాపను కొన్నాళ్లు నా దగ్గర ఉంచడానికి బిస్మిల్లా బీ ఒప్పుకుంది. తనే తీసుకువస్తానంది. పెన్న నీళ్లు తగ్గాయి, బండ్లు దాటుతున్నాయి. శుక్రవారం వాళ్లిద్దరినీ నీ బండిలో తీసుకుని రా. లాల్ బాషా కుట్టిన టాపు విప్పేసి రా. పట్టపగలు, పులివెందుల నడిబజారు మీదుగా, మా బడి ముందు నుంచి రా. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను. దేవపాలు కూడా చూస్తాడు, ఊరంతా చూస్తుంది.

ఎండ కాస్తుందనో దుమ్ము లేస్తుందనో దారిలో పాపకు ముసుగు వెయ్యబోతారు. వెయ్యనివ్వకు. దాని తల్లి అడిగింది కదా, గాలి మొహానికి కొడుతుందా అని. కొట్టనీ.

నీ అన్న
కరీముల్లా